మూడు కత్తెర్లు

కొబ్బరినూనె అరచేతుల్లో రుద్దుకుని లచ్చయ్య పిల్లవాడి జుట్టును మూడు పాయలు చేశాడు. నడుము దాకా వచ్చే జుట్టు అది. నాలుగేళ్ళ అర్జున్ అరుగు మీద గోడవైపు తిరిగి కూర్చున్నాడు. కదలకుండా ఉన్నందుకు లంచంగా పుచ్చుకున్న బెల్లం ముక్కను చప్పరిస్తున్నాడు.

"గట్టిగ గుంజకు పెద్దబాపూ."

"గుంజకుంటె జడెట్ల వడ్తదిరా? మీ పెద్దవ్వనడుగు."

లోపల రొట్టెలు కాలుస్తున్న సారక్క నవ్వింది. లక్సెట్టిపేట బస్టాండు ఎదుట ముప్పై ఏళ్ళుగా కటింగ్ షాపు నడుపుతున్న మనిషి పొద్దున్నే లేచి మగపిల్లవాడికి జడ వేస్తున్నాడని ఊరందరికీ తెలుసు. గడ్డానికి వచ్చినవాళ్ళు అద్దంలో అతని ముఖం చూస్తూ "లచ్చన్నా, కత్తెర మొద్దువారిందా?" అని ఆటపట్టిస్తారు. లచ్చయ్య వాళ్ళ మూతి మీద కాస్త ఎక్కువ నురగ పూసి నోరు మూయిస్తాడు.

చెప్పుకోదగ్గ మనిషి కాదు. సన్నటి మెడ, వంగిన భుజాలు, బొటనవేలి మొదట్లో కత్తెర ఒరిసి కాయ కాసిన మచ్చ. ముఖం కన్నా మెడ వెనక సుడి చూసి మనుషులను గుర్తుపడతాడు. ఒక్కగానొక్క కూతురు పెళ్ళయి జగిత్యాల వెళ్ళాక ఇల్లు బోసిపోయింది. ఆపదలో పడ్డ కుటుంబాల పిల్లలను కొన్నాళ్ళు ఇంట్లో పెట్టుకుని చూసుకునేవాళ్ళు కావాలని కరీంనగర్‌లోని ఒక సంఘం వాళ్ళు అడిగితే సారక్క సరేనంది. సారక్క అంది కాబట్టి లచ్చయ్యా సరేనన్నాడు. ఇద్దరు ఆడపిల్లలు వచ్చారు, ఉన్నారు, వెళ్ళిపోయారు. వెళ్ళిన ప్రతిసారీ ఇక చాలు బాబూ అనుకున్నాడు. అర్జున్ మూడోవాడు.

వాడి తండ్రి దుబాయిలో ఏదో కేసులో ఇరుక్కుని జైల్లో ఉన్నాడు. తల్లి భూమిక రెండు కిడ్నీలూ చెడి కరీంనగర్‌లో ఆసుపత్రి పాలైంది. ఇష్టపడ్డవాణ్ణి చేసుకుందని తోడబుట్టిన అన్న మాటలు మానేశాడు. కొడుకు పుట్టువెంట్రుకలు వేములవాడ రాజన్నకు ఇస్తానని ఆమె మొక్కుకుంది. తొలి మూడు కత్తెర్లు తీయాల్సింది మేనమామ. ఆయన రాడు, జుట్టేమో ఆగదు.

పోయిన నెల వాణ్ణి చూపించడానికి తీసుకెళ్ళినప్పుడు ఆమె మంచం మీద నుంచే జడ పట్టుకుని చూసుకుంది. "అన్నా, మీ ఇంట్లనే కత్తెరలుంటయి. నేనచ్చేదాక జర ఆగుండ్రి," అంది.

"నువ్వచ్చినంకనే బిడ్డా. అప్పటిదాక కత్తెర ముట్టియ్య."

ఆ తర్వాత తలలో పేలు పడ్డాయి. సంఘం తరఫున వచ్చిపోయే జ్యోతిరాణి కూడా కత్తిరిస్తేనే మంచిదంది. సారక్క రోజూ పేల దువ్వెన పట్టుకుని కూర్చుంది కానీ, ఇంట్లో ఎవరూ కత్తెర మాట ఎత్తలేదు.

జడ వేసి పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని షాపు తెరిచాడు. మూడో గిరాకీ చెంప సగం గీసి ఉండగా ఫోన్ మోగింది. జ్యోతిరాణి.

"లచ్చయ్యన్నా, భూమిక మనకు దక్కలే. పొద్దుగాల్నే పానం వోయింది. వాళ్ళన్న వస్తుండు, పిలగాన్ని తీస్కపోతడట."

ఫోన్ జేబులో పెట్టి మిగతా సగం చెంప గీశాడు. ఎక్కడా గాటు పడలేదు. పడనందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది. పక్కన అర్జున్ నీళ్ళ సీసాతో అద్దం మీద వాన కురిపిస్తున్నాడు. లచ్చయ్య ఆ సీసా అందుకుని మళ్ళీ నీళ్ళు నింపి ఇచ్చాడు.

మధ్యాహ్నం కావస్తుండగా సుల్తానాబాద్ దగ్గరి ఊరి నుంచి భూమిక అన్న భానుప్రసాద్ ఆటోలో దిగాడు. చెల్లెలి కళ్ళే, ఏడ్చి వాచి ఉన్నాయి. లచ్చయ్య అతన్ని షాపు బయటే ఆపాడు.

"బావ రాలేడు. తలకొరివి వీడే పెట్టాలె," అన్నాడు భానుప్రసాద్. "మా ఊళ్ళె వాగుకాడ గుండు గీపిస్తం."

గోదావరి ఒడ్డున లచ్చయ్య అలాంటి తలలు ఎన్నో గీశాడు. ఆ పని చేసి వచ్చిన పూట సారక్క వడ్డించినా అన్నం ముట్టడు. ఇన్నాళ్ళూ నూనె రాసి పెంచిన ఈ జుట్టు మీద పడే మొదటి కత్తి చావుదంటే భరించలేకపోయాడు. మైల వస్తే ఏడాది దాకా పిల్లవాడు గుడి మెట్లెక్కడు. భూమికకు ఇచ్చిన మాట ఎలాగూ పోయింది, ఆమె మొక్కన్నా మిగలాలి.

"పిలగానికి ఇంక చెప్పలే. చెవున వడేదాక వానికి మైల లేదు," అన్నాడు గొంతు తగ్గించి. "నువ్వు మేనమామవు. మూడు కత్తెర్లు తియ్యి. రాజన్నయి రాజన్నకు వోనీ, ఎనుక నేను గుండు చేస్త."

"నాకు తెల్సుగదనే. నాకు మైలే గద."

"మొక్కు నీది గాదు, మీ చెల్లెది. తప్పయితె రాజన్న నామీదనే ఏస్తడు. ఏసుకోనీ."

భానుప్రసాద్ నాలుగేళ్ళు రాని మనిషి. లోపలికి వచ్చి బల్ల మీద తూర్పు ముఖంగా కూర్చున్నాడు. లచ్చయ్య పక్క కిరాణా కొట్టు నుంచి చిటికెడు పసుపు తెచ్చి తన చేతిరుమాలుకు రాశాడు. పిల్లవాణ్ణి ఎత్తి మేనమామ ఒళ్ళో పెట్టాడు.

"ఈయన ఎవలు?"

"మీ మామ."

"ఇన్ని దినాలు ఎటు వోయిండు?"

భానుప్రసాద్ వేళ్ళకు కత్తెర కుదరలేదు. లచ్చయ్య అతని మణికట్టు పట్టుకుని, మరో చేత్తో పాయ అందించాడు. ఒకటి, రెండు, మూడు. వాటిని రుమాల్లో ముడుపు కట్టి అతని చేతిలో పెట్టాడు.

తర్వాత పెద్ద కుర్చీ చేతుల మీద అడ్డంగా చెక్కపలక వేసి, దాని మీద పిల్లవాణ్ణి కూర్చోబెట్టి తల తడిపాడు. గోరువెచ్చని నీళ్ళు వీపు మీదికి జారితే వాడు కిలకిలా నవ్వాడు. లచ్చయ్య తన జన్మలో అంత నెమ్మదిగా ఏ తలా గీయలేదు.

సరిగ్గా అప్పుడే సారక్క అన్నం డబ్బా పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. నున్నటి గుండు చూసింది. తల్లి వస్తే తప్ప మొగుడు ఆ జుట్టు ముట్టడని ఆమెకు తెలుసు. ముఖమంతా వెలిగిపోయింది.

"భూమికచ్చిందా? ఏదీ, ఏడున్నది?"

అర్జున్ పలక మీద నుంచి జారి, బయటికి ఉరికి, రోడ్డుకు అటూ ఇటూ చూశాడు. భానుప్రసాద్ గోడవైపు తిరిగి ముడుపు గుండెకు అదుముకున్నాడు. అది చూసి సారక్క కొంగు నోట్లో కుక్కుకుంది.

"పా కొడకా," అన్నాడు భానుప్రసాద్ బయటికి వచ్చి. "మీ అవ్వ దగ్గరికే వోతున్నం."

ఆటో ఎక్కించబోతే పిల్లవాడు రెండు చేతులతో తల తడుముకుని లచ్చయ్యను చూశాడు. ముఖంలో మొదటిసారి భయం కనబడింది.

"పెద్దబాపూ, జడ లేదు గద. అవ్వ నన్ను గుర్తువడ్తదా?"

లచ్చయ్య వంగి వాడి మెడ వెనక సుడి ఉండేచోట చేయి వేశాడు.

"పడ్తది బిడ్డా."

ఆటో పెద్దపల్లి దారి పట్టింది. సారక్క బల్ల మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. గడ్డానికని వచ్చిన ఒకాయన లోపలికి తొంగిచూసి వెనుదిరిగాడు. లచ్చయ్య షట్టరు సగం దించాడు. కుర్చీ మీది పలక తీయడానికి చేయి చాచి, తీయకుండా నిలబడిపోయాడు. పిల్లవాడు కూర్చున్న చోట చెక్క ఇంకా తడిగానే ఉంది.