ఉత్త చెరువులో చేపలు

మా సంత వీధికి ఎగువన తవ్విన చెరువుని అందరూ ఉత్త చెరువంటారు. కొండ మీంచి దూకే వాననీళ్లు అందులో ఆగి, అడుగు తూములోంచి నిదానంగా ఊరి పక్క వాగులోకి, మా గెడ్డలోకి పోవాలి. వాన లేనప్పుడు ఖాళీగా ఉండాలి. అది తవ్వకముందు ఏటా నా టీ హోటలు పొయ్యి నిండా బురదే. తవ్వాక రాలేదు. కానీ ఖాళీగా ఉన్నదాన్ని చూసి ఓర్చుకునే మనుషులా మావాళ్లు?

ఊళ్లో సెల్లు టవరు లేచిన ఏడాది, కిరాణా కొట్టు వరహాలరావు తూము బయట ఇసక బస్తాలు అడ్డం వేయించి చెరువులో చేపపిల్లల్ని వదిలాడు. నేను వద్దంటే నవ్వారు. అయిదో తరగతితో బడి మానేసినవాడి మాట ఎవడిక్కావాలి?

ఒక సంత రోజు పొద్దున్నే కొండని మబ్బు మింగేసింది. చెరువు అప్పటికే గట్టు అంచు తాకుతోంది. పొంగితే ముందు మునిగేది నా హోటలే. గునపం పట్టుకుని వెళ్లాను. వరహాలరావు గొడుగు ఒళ్లో పెట్టుకుని బస్తాల మీద కూర్చున్నాడు.

"ఏటి సేత్తన్నావురా సుక్రూ?"

"బస్తాలు తీస్తన్నాను సావుకారూ. లెగండి."

"వచ్చే సంతకి పట్టించేత్తాను, ఆగు. ఇప్పుడు తీస్తే నా సేపలన్నీ గెడ్డ పాలు."

"ఆగితే నా పొయ్యి గెడ్డ పాలు."

అతను లేవలేదు. గునపం అతని మీదే ఎత్తుదునేమో, అంతలో నా పెళ్లాం సోములమ్మ సంతకొచ్చిన ఆడవాళ్లతో వచ్చేసింది. అందరి చేతుల్లోనూ వెదురు బుట్టలు. మా కొండ మీద వరి మడికి గండి కొడితే గండికి బుట్ట పెట్టడం అలవాటు. నీళ్లు పోతాయి, చేపలు ఉంటాయి. కోపంలో నాకది గుర్తే రాలేదు.

"బుట్టలెడతాం సావుకారూ. సేపలు మీవి, నీళ్లు గెడ్డవి," అంది.

"ఊరికే సేత్తారా?"

"బుట్టకో సేప."

"పెద్దవే ఏరుకుంటారేటి?"

"మబ్బు సూసి బేరమాడండి."

వరహాలరావు కొండ వైపు చూసి లేచాడు. నేను ఒక్కో బస్తా లాగుతుంటే వాళ్లు ఒక్కో బుట్ట ఆనించారు. వాన పడేసరికి చెరువు సగం దిగింది. సాయంత్రం దాకా కురిసింది. పైనుంచి వచ్చినదంతా చెరువు మింగి, తూములోంచి మెల్లగా వదిలింది. వీధిలోకి చుక్క రాలేదు.

దీపాల వేళకి వరహాలరావు టీకి వచ్చాడు.

"గుమ్మంలో ఇసకేసినావు. బాగుందిరా, కాళ్లకి బురదంటలేదు. ఎక్కడిది?"

"మీ బస్తాల్లోదే," అన్నాను, పొయ్యి మీంచి టీ దించుతూ.