మాటల మీద నడిచే బండి

రోజూ పొద్దున్నే వ్యానక్క చేసే మొదటి పని, బండిలోకి మంచి వాగుడుకాయ ఒకర్ని వెతుక్కోవడం.

ఆ బండి పెట్రోలు మీద నడిచేది కాదు. మాటల మీద నడిచేది. లోపల ఒకళ్ళు అనాలి, ఇంకొకళ్ళు వినాలి, అంతే. తనలో తాను గొణుక్కుంటే కదిలేది కాదు. బడిపిల్లలు ఎక్కితే గాలిలా పోయేది. అదే పిల్లలు పరీక్షల రోజుల్లో నోళ్ళు మూసుకుని కూర్చుంటే, దించి తోయించుకోవాల్సి వచ్చేది. సంబంధాలు కుదిర్చే ఆవిడ ఒక్కతి ఎక్కితే చాలు, ఊరు దాటి పోయి రావచ్చు. ఆవిడ దగ్గర కిరాయి తీసుకునేది కాదు వ్యానక్క.

వ్యానక్కకేమో నోట్లో నాలుక లేదు. బండి మొగుడిది. ఆయన మాటలపోగు. రెండేళ్ళ కింద ఆయన పోయాక స్టీరింగు ఈమె చేతికొచ్చింది గానీ ఆ మాటలు రాలేదు. ఎక్కినవాళ్ళు మాట్లాడుకుంటే తను నడిపేది.

ఓట్ల రోజున నడవలేనివాళ్ళందరినీ ఓట్లు వేసే బడి దగ్గర దింపి, మళ్ళీ ఇళ్ళకు చేరుస్తానని తనే ఒప్పుకుంది. పాత మెంబరు గెలిస్తే రైలుకట్ట పక్క వరస ఇళ్ళన్నీ పడగొట్టించి గోదాము కట్టిస్తాడు. ఆ మాట ఆయనే చెప్పాడు. ఇళ్ళ జోలికి ఎవర్నీ రానివ్వనని కుళాయిలు బాగుచేసే ఆవిడ పోటీకి నిలబడింది. ఆ వరసలో చివరిల్లు వ్యానక్కది. అది పోతే తల దాచుకోవడానికి ఇంకో చూరు లేదు. అయినా ఎవరు ఎవరికి వేస్తారని ఆమె అడగలేదు. నడవలేకపోతే చాలు, ఎక్కించుకుంది.

పొద్దుట్నించీ బండి నేల మీద ఆనలేదు. ఓట్ల రోజు నోరు మూసుకునేవాళ్ళెవరు?

"ఇద్దరం చెరొకరికి వేసే దానికి ఇంత దూరం దేనికి? ఇంట్లోనే కూర్చుంటే చెల్లుకు చెల్లు అయ్యేదిగా" అంది ఒక ముసలావిడ.

"నేను కునుకు తీయగానే నువ్వెళ్ళి వేసొస్తావు. నీ సంగతి నాకు తెలీదూ?" అన్నాడు ఆవిడ మొగుడు.

ఆ ఒక్క తగాదాతో బండి రెండు వీధులు దాటేసింది.

సాయంత్రం ఆఖరుగా కుట్టుపని చేసే ఆవిడనూ ఆమె తల్లినీ సందు మొదట్లో దింపింది. ఆరింటికి బడి గేటు మూసేస్తారు. ఎంతో సేపు లేదు. కుట్టుపనావిడ కిటికీలోకి వంగి గొంతు తగ్గించింది.

"మీ అత్తగారు అదుగో, పక్కనే కల్వర్టు మీద కూర్చుని ఉంది. నడిచే వెళ్తానని బయల్దేరి మోకాళ్ళు పట్టేసి ఆగిపోయింది. ఎక్కించుకోకు వదినా. ఆ ఇల్లు నేలమట్టమైతే గానీ నాకు నిద్ర పట్టదని మా అమ్మతో అన్నదట. ఓటు ఎటు పడుతుందో నేను చెప్పాలా?"

చెప్పేసి తల్లిని నడిపించుకుంటూ వెళ్ళిపోయింది. బండి ఖాళీ అయింది.

అత్తా కోడళ్ళు ఒకే ఇంట్లో ఉంటారు, ఒకే కుండలో తింటారు, రెండేళ్ళుగా ఒకరితో ఒకరికి మాట లేదు. కావలసింది పిల్లికి చెప్పుకుంటారు, తలుపుకు చెప్పుకుంటారు. ఇప్పుడు బండి కదలడం లేదని చేతులు తిప్పేస్తే చాలు. అబద్ధం కూడా కాదు.

కల్వర్టు మీద అత్త ఉతికిన బట్టలు కట్టుకుని, కర్ర మీద గడ్డం ఆనించి, ఓట్లు వేసే బడి వైపే చూస్తోంది. తనంతట తాను పిలవదు. చచ్చినా పిలవదు.

వ్యానక్క దిగి వెనక తలుపు తీసింది.

అత్త ఎక్కింది. తాళం తిప్పితే బండి చప్పుడు చెయ్యలేదు.

"కర్రా, ఈ బండి ఈ జన్మలో కదిలేట్టుందా?" అంది అత్త.

"అద్దమా, మాటలు అనాల్సింది కర్రతో కాదని చెప్పవే" అంది వ్యానక్క అద్దంలోకి చూస్తూ. బండి ఒకసారి దగ్గి ఊరుకుంది. దానికి ఈ వేషాలు తెలుసు.

బడి వైపు నుంచి జనం తిరిగొస్తున్నారు.

"అత్తయ్యా..."

బండి బెత్తెడు జరిగింది.

"అత్తయ్యా, మీరు ఎవరికి వేస్తారు?"

"అడగడానికి నువ్వెవతివే?"

బండి ఎగిరి దూకింది. ఇక ఆగలేదు. కూరలో ఉప్పు దగ్గర్నుంచి మొదలైంది. ఎవరి దుప్పటి ఎవరు ఉతికారు, తలుపు ఎవరు దడాలున వేశారు. రెండేళ్ళ బాకీ మాటలు! మార్కెట్టు వెనక్కిపోయింది, పిండిమర వెనక్కిపోయింది.

ఐసు ఫ్యాక్టరీ గోడ దగ్గరికొచ్చేసరికి ఇద్దరూ ఒక్కసారే ఆగిపోయారు. బండీ ఆగిపోయింది.

రెండేళ్ళ కింద ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్తున్న రోజు కూడా ఇక్కడే ఆగింది. ఆయన వెనక సీట్లో పడుకుని మాట్లాడలేకపోయాడు. మాట్లాడాల్సిన ఇద్దరూ బెదిరిపోయి కూర్చున్నారు. ఎవరో వచ్చి తోసేసరికి ఆలస్యమైపోయింది.

ఎదురుగా బడి గేటు కనిపిస్తోంది. కాపలాదారు ఒక రెక్క మూసేశాడు.

"నాకు నోరు పెగల్లేదత్తయ్యా" అంది వ్యానక్క. "ఏదో ఒకటి అంటే పోయేది. వాన వచ్చేట్టుందన్నా చాలేది."

బండి గట్టిగా మూలిగింది, కదల్లేదు. అత్త వినలేక చెవులు మూసుకుంది.

"నన్ను తిట్టండి. తిట్టి అయినా..."

"వాడి తల ఎవరి ఒళ్ళో ఉంది?" అంది అత్త. "ఊరందరి మీదా లేచే నోరే నాది. ఆ పూట దాన్నెవరు కుట్టేశారు?"

చక్రాలు తిరిగాయి.

"మరి నాతో మాట ఎందుకు మానేశారు?"

"నువ్వెందుకు మాట్లాడలేదని నన్నే అడుగుతావేమోనని. చాలా? ముందు చూసి తోలు, గేటు మూస్తున్నాడు!"

రెండో రెక్క పడేలోపు అత్త కర్ర లోపల పెట్టింది. "కర్ర లోపలుంటే మనిషి లోపలున్నట్టే" అని కాపలాదారుతో వాదించి మరీ వెళ్ళింది.

వేలికి సిరాతో బయటికొచ్చి ఈసారి ముందు సీట్లో కూర్చుంది. వ్యానక్క తాళం తిప్పింది. గొంతు దాకా వచ్చిన ప్రశ్నను మింగేసింది. అడక్కూడదు.

"ఏమే అమ్మాయ్, పడమటి మూల పెంకులు జారి వాన కారుతోంది కదా" అంది అత్త. "రేపే మేస్త్రీని పిలువు. రెండేళ్ళుగా కర్రతో చెప్తున్నా, అది పట్టించుకోదు."

వ్యానక్క ఏడుస్తూనే బండి తిప్పింది.

ఓట్లు లెక్కపెట్టే రోజు, కుళాయిలావిడ గెలిచిందన్న కబురు సందులోకి వచ్చేసరికి మేస్త్రీ కప్పు మీదే ఉన్నాడు. పెంకులు పాతవి చాలని కోడలు, కొత్తవి కావాలని అత్త, కింద నిలబడి అరుచుకుంటున్నారు. వాకిట్లో ఆపిన బండి, తాళం పెట్టకుండానే, జానెడు ముందుకు జరిగింది.