మోకాలి నూనె

గంగాలమ్మ సెగకి వాడ్చిన జిల్లేడాకుని ఎడమ మోకాలికి అద్ది, పైన పాతచీర పేలిక చుట్టి ముడి వేస్తుండగానే జెట్టీ మీద చేపల వేలంపాట మొదలైంది. ఆకు కింద నిన్న రాసిన తైలం ఇంకా జిడ్డుగానే ఉంది. కుచ్చిళ్లు కిందికి లాక్కుని, రెండు చేతులూ ఖాళీ తట్టకి ఆనించి లేవబోయింది. కుడికాలు లేచింది. ఎడమకాలు రానంది. మోకాలి లోపల ఎండుకొబ్బరి కొరికినట్టు చప్పుడైంది.

పక్కనున్న తోటికోడలు కాశమ్మ జబ్బ పట్టి పైకి లాగింది.

"అప్పా, నీ మోకాలికి ఒత్తెడితే దీపం ఎలుగుతాది. ఏటంత నూనె?"

చుట్టూ ఆడవాళ్లు నవ్వారు. గంగాలమ్మ కూడా నవ్వి, కానాగంత చేపల పోగు దగ్గరికి నడిచింది. బురదలో కాలు జారకుండా అడుగులు పక్కకి వేస్తూ వెళ్లింది. పొట్టి మనిషి. తట్ట మోసి మోసి నడినెత్తిన వెంట్రుకలు పలచబడ్డాయి. మొగుడు వేటకి వెళ్లిన తెప్ప తిరిగి రాని ఏడు నుంచీ ఆ నెత్తి మీదే ఆమె బతుకంతా ఉంది.

హార్బరులో చేపలు కొని ఇళ్లకి మోసే ఆడవాళ్లకి ఒక కట్టుబాటు ఉంది. ఎవరి వాడుకిళ్లు వాళ్లవి. ఇంటివాళ్లు వద్దంటే తప్ప, లేదా వాడుక మనిషి తనంతట తాను ఇచ్చేస్తే తప్ప, ఇంకొకరు ఆ గుమ్మంలో తట్ట దించరు. పోర్టు క్వార్టర్లలో చెరువుగట్టు వైపు వరసంతా గంగాలమ్మది. అత్తగారు పోయేముందు ఆమె చేతిలో పెట్టిన ఆస్తి ఆ గుమ్మాలే. ఒక్క ఇల్లు వద్దంటే ఆ మాట మెట్లు దిగి పక్కింటికి పోతుంది.

అందుకే మోకాలి సంగతి ఆమె వాడుకిళ్లలో ఎవరికీ చెప్పలేదు. నెమ్మదిగా నడిచే మనిషి ఆలస్యంగా వస్తుంది. ఆలస్యంగా వచ్చిన చేప, కొనేవాళ్ల లెక్కలో, నిన్నటి చేప.

పేటలో మాత్రం తెలియనివాళ్లు లేరు. వేడి ఇసక మూటతో కాపడం పెట్టమని కాశమ్మ చెప్పింది. పడవ ఆసామి తల్లి వావిలాకు నీళ్లు పోయమంది. బస్సులో కలిసిన సబ్బవరం ఆవిడ, వేడి తగిలితే కీలు ఇంకా ఎండిపోతుందనీ, చల్లటి పుట్టమన్ను పట్టీ వెయ్యమనీ గట్టిగా చెప్పింది. మెంతులు నానబెట్టి తినమన్నవారొకరు, వంకాయ, చింతపండు మానమన్నవారొకరు. గంగాలమ్మ ఎవరి మాటా తీసెయ్యలేదు. పొద్దున్న మెంతులు, మధ్యాహ్నం మన్ను, సాయంత్రం ఇసక. ఒకరోజు నొప్పి తగ్గితే ఏది తగ్గించిందో తెలిసేది కాదు. మర్నాడు పెరిగితే ఏది చెడగొట్టిందో అంతకన్నా తెలిసేది కాదు.

చివరికి ధర్మాసుపత్రిలో ఆయుర్వేద వైద్యుడి దగ్గరికి వెళ్లింది. ఆయన మోకాలు వంచి, చప్పుడు విని, ఇది సంధివాతమన్నాడు. అరిగిన కీలు మళ్లీ మొలవదనీ, నొప్పినీ బిగుతునీ మాత్రం అదుపులో పెట్టొచ్చనీ చెప్పాడు. తైలం, గుగ్గులు మాత్రలు ఇచ్చాడు. మెట్లెక్కొద్దు, గొంతుక్కూర్చోవద్దు, నెత్తిన బరువెత్తొద్దు అన్నాడు.

"మరి నాను పనేటి సెయ్యాల బాబూ?" అని అడిగింది.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, ఇంకొంచెం తైలం పోయించాడు.

ఆ తైలం ఘాటైనది. క్వార్టర్ల కింది ఇంట్లో కనకరత్నం కానాగంతని ముక్కు దగ్గరికి తెచ్చుకుని మొహం తిప్పేసింది. గంగాలమ్మ మొప్ప ఎత్తి చూపించింది. ఎర్రగా, తడిగా ఉంది. మొప్ప బాగానే ఉందనీ, వాసనే ఏదో మందు కొట్టినట్టుందనీ, ఈ పూటకి వద్దనీ చెప్పి కనకరత్నం తలుపు వేసేసుకుంది.

గంగాలమ్మ తన అరచెయ్యి వాసన చూసుకుంది. పొద్దున్న కట్టు కట్టిన చెయ్యి. అదే చేత్తో పోగు కొంది, అదే చేత్తో తట్ట సర్దింది. కుళాయి దగ్గర మట్టితో తోమింది. చీరకొంగుతో తుడిచి మళ్లీ చూసుకుంది. వాసన పోలేదు. అది చేతిదో, చేపలదో, తన ముక్కులోనే ఉండిపోయిందో తేల్చుకోలేకపోయింది. రాస్తే వాడుకిళ్లు పోయేలా ఉన్నాయి. మానేస్తే కాలు పోయేలా ఉంది.

రెండో అంతస్తులో పద్మావతి వాళ్లది గోదావరి వైపు. భర్త శ్రీరామ్మూర్తిది పోర్టు ఆఫీసులో పని. గంగాలమ్మ ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ పెట్టి, గోడ పట్టుకుని, పీతలా పక్కవాటుగా ఎక్కింది. పైకి చేరేసరికి పద్మావతి అత్తగారు మంగాయమ్మ ఎప్పటిలాగే గుమ్మంలో కుర్చీ వేసుకుని ఉంది. చేప పట్టుకుని చూసి, ముక్కు ఎగబీల్చి, గంగాలమ్మ మొహంలోకి చూసింది.

"ఇది నా తైలం వాసనే. నీక్కూడా మోకాళ్లేనా?"

దాచడానికి ఇంకేమీ మిగల్లేదు. గంగాలమ్మ చీర కొద్దిగా ఎత్తి కట్టు చూపించింది. మంగాయమ్మకి సంబరమైంది. అదే వైద్యుడు, అదే సీసా. వాడడం మొదలెట్టాక హాయిగా ఉందని చెప్పింది. మెట్లు దిగి ఎన్నాళ్లైందో తనకే గుర్తు లేదట. స్నానానికి పీట తీయించేసి స్టూలు వేయించుకుందట.

"నాకు అంత బాగా చేసింది, నీకెందుకు చెయ్యలేదే?" అంది, నిజంగానే అర్థం కాక.

గంగాలమ్మకీ అర్థం కాలేదు. సీసా ఒకటే, నూనె ఒకటే. రాయడంలో తప్పు జరిగిందేమోనని, పైకి రుద్దాలా కిందికి రుద్దాలా అని అడిగింది.

పద్మావతి లోపలికి వెళ్లి, కూరల బండివాడికి బాల్కనీలోంచి దింపే తాడుసంచి తెచ్చి చూపించింది.

"రేపట్నుంచి నువ్వు పైకి రాకు గంగాలమ్మా. కేకేస్తే ఇది దింపుతాను."

గంగాలమ్మ తలూపింది. దిగుతున్నంతసేపూ ఆ మాటే తిప్పి తిప్పి చూసుకుంది. రావద్దన్నది కాలు చూసా, వాసన చూసా? సంచిలో వేసిన చేపకి మొప్ప ఎత్తి చూపించేదెవరు? పద్మావతి పిల్లాడి గొంతులో ముల్లు దిగినప్పుడు వేలు పెట్టి తీసింది ఈ గుమ్మంలోనే. మంగాయమ్మ సగం టీ గ్లాసు చేతికిచ్చేది ఇక్కడే. ఇల్లు ఉన్నట్టా, పోయినట్టా? అడగడానికి మళ్లీ ఎక్కాలి.

కింది మెట్టు మీద కూర్చుంది. అంతే, ఇక లేవలేకపోయింది.

తన ఇళ్లు ముగించుకుని అటుగా వచ్చిన కాశమ్మ ఆగింది. తట్టలో మిగిలిపోయిన చేపల్ని చూసింది, ఆమె కాలిని చూసింది. పక్కన కూలబడింది. గంగాలమ్మ, బరువు ఒత్తకుండా నెత్తిన పెట్టుకునే గుడ్డచుట్ట తీసి కాశమ్మ తల మీద పెట్టి సర్దింది. వాడుకిళ్లు ఇచ్చేసిన రోజున అత్తగారు తనకి పెట్టినదీ అలాగే.

"అప్పా, ఏటిది? వొద్దు," అని కాశమ్మ చెయ్యెత్తింది.

"ఉండనీవే. మూడోమెట్టు ఇరిగిపోనాది, సూసి ఎక్కు. పెద్దమ్మగోరికి మొప్ప ఎత్తి సూపించాల. నేకపోతే కొనదు."

మర్నాడు కింద కేక వినబడగానే పద్మావతి తాడుసంచి దింపింది. మంగాయమ్మ తన తైలంలో కొంత చిన్న సీసాలో పోయించి గంగాలమ్మ కోసం ముందే అందులో పెట్టించింది. తాడు పట్టుకుని ఎంతసేపు నిలబడినా సంచిలో చేపల బరువు పడలేదు. వెనక గుమ్మంలో అలికిడైంది. నెత్తిన తట్టతో కాశమ్మ, గబగబా ఎక్కొచ్చిన ఊపిరితో నిలబడి ఉంది.

గంగాలమ్మ ఏదని పద్మావతి అడిగింది.

"తెల్లారే భీమిలి బస్సెక్కీసినాదమ్మా. తమ్ముడు కాడ ఎండుసేపల మీద కాకుల్ని తోలుతాదట. బల్లేసుకుని కూకోడమే."

"తాడు దింపుతానన్నందుకు ఏమన్నా అనుకుందా?"

"ఏటో మరి. ఆ మోకాలికి నూనె పైకి రుద్దాలో కిందికి రుద్దాలో ఎవలూ సెప్పనేదని మాత్రం అంది."

కాశమ్మ తట్ట దించి, ఒక చేప మొప్ప ఎత్తి మంగాయమ్మకి చూపించింది. ఆవిడ చూసి, తలూపి, రెండు తీసుకోమంది. పద్మావతి కత్తిపీట కోసం లోపలికి వెళ్లింది. బాల్కనీ ఊచకి కట్టిన తాడు చివర సంచి సముద్రపు గాలికి ఊగుతోంది. ఊగినప్పుడల్లా లోపలి సీసా కనకరత్నం ఇంటి గోడకి చిన్నగా తగులుతోంది.