బనీను జేబులో పట్టే ఫోను

తవుడు దుమ్ములో నిలబడి నాగయ్య కుడి అరచేతిని మిషను డొక్కకు ఆనించాడు. అదురు సమంగానే ఉంది. చెవులతో అతనికి పనిలేదు. రైసుమిల్లు హోరులో పాతికేళ్లు నలిగి అవి ఎప్పుడో చేతులెత్తేశాయి. అంగీ గోడ మేకుకు వేలాడుతోంది. ఒంటిమీద గళ్ల లుంగీ, జేబు బనీను. ఆ జేబు భార్య ఎల్లవ్వ కుట్టింది, సరిగ్గా గుండె మీద. ఫోను అందులో ఉంటేనే దాని వణుకు అతనికి తెలుస్తుంది. లుంగీ మడతలో పెడితే ఏది మిషను అదురో ఏది ఫోను అదురో తేలదు. అంగీలో పెడితే గోడకు తెలుస్తుంది, అతనికి కాదు.

మిల్లులో గొంతు చించుకున్నా వినపడదు కనుక అక్కడ అందరూ పెదవులతోనే మాట్లాడుకుంటారు. బియ్యం సంచుల మూతులు కుట్టడానికి వచ్చిన రోజుల్లో ఎల్లవ్వకూ ఆ విద్య అబ్బింది. ఇంట్లోనూ అదే. ఆమె చప్పుడు లేకుండా పెదవులు కదుపుతుంది, అతను చదువుకుంటాడు. కిరాయి ఇంటి పక్కావిడ వీళ్లకు మాటల్లేవనుకుని ఒకసారి రాజీ చేయడానికి కూడా వచ్చింది. ఆమెను చూసి ఇద్దరూ చప్పుడు లేకుండా నవ్వేసరికి పాపం ఇంకా హడలిపోయింది.

పొద్దెక్కాక ఎల్లవ్వ మిల్లు గేటు దగ్గరికి వచ్చి నిలబడింది. సాయంత్రం బస్సుకు ఆమె హైదరాబాదు పోవాలి. కూతురు సౌమ్యకు ప్రసవం సెలవు అయిపోయింది. ఆఫీసుకు పోకపోతే నౌకరీ ఊడుతుంది, పోతే పసిపిల్లను చూసే దిక్కులేదు. తక్కువలో తక్కువ ఏడాది. పెళ్లయిన నాటి నుంచి ఈ మొగుడూ పెళ్లాలు పట్టుమని వారం రోజులు విడిగా ఉన్నది లేదు. నాగయ్య దగ్గరున్నది మీటల ఫోను. అది వణికితే ఎవరో పిలుస్తున్నారని తెలుస్తుంది గానీ ఏమంటున్నారో ఎట్లా తెలిసేది? మొహం కనపడే ఫోను కావాలి. అది బనీను జేబులో పట్టాలి కూడా. నాగయ్య అంగీ తొడుక్కుని ఆమె వెంట బయల్దేరాడు.

పాత బస్టాండు దగ్గర కృపాకర్ ఫోన్ల దుకాణంలో ఉన్నవన్నీ అరచెయ్యి దాటినవే. నాగయ్య అంగీ గుండీలు విప్పి, ఒక్కొక్కదాన్నే బనీను జేబులోకి దింపి చూశాడు. ఒకటి సగంలోనే ఆగింది. ఇంకొకటి, అతను వంగగానే జారింది. నాగయ్య దాన్ని కింద పడకుండా పట్టుకునేసరికి కృపాకర్ ప్రాణం లేచొచ్చింది. చిన్నవి ఇప్పుడెవరూ కొనడం లేదనీ, పెద్దదైతే సినిమాలు చూసుకోవచ్చనీ అతను నచ్చజెప్పబోయాడు. నాగయ్య తల అడ్డంగా ఊపాడు. సినిమాలెవడిక్కావాలి!

చివరికి కృపాకర్ మూల అరలోంచి ఓ చిన్నదాన్ని దుమ్ము దులిపి తీశాడు. జేబులో దిగింది, అంచు మాత్రం కాస్త బయటికుంది. నాగయ్య వంగాడు, లేచాడు, గెంతి కూడా చూశాడు. పడలేదు. మరి అంత చిన్న అద్దంలో ఎల్లవ్వ పెదవులు చదవగలడా? అది తేలాలి.

కృపాకర్ తన ఫోను ఎల్లవ్వ చేతికిచ్చి రోడ్డు అవతలికి పంపి, వీడియో కలిపాడు. చిన్న ఫోనులో ఆమె మొహం తేలింది. పెదవులు కదిలాయి.

"గొంతు వస్తలేదు కాకా, మైకు పోయినట్టుంది," అని కృపాకర్ కంగారుగా ఫోను తీసుకోబోయాడు. నాగయ్య వదల్లేదు.

ఎల్లవ్వ అంటోంది: "నాకు పోబుద్ధి అయితలేదు. నువ్వొక్కసారి వద్దను. ఆగుత."

ఒక్క ముక్క కూడా తప్పిపోలేదు. మొహం మీద మొహం పెట్టి చెప్పినట్టే తెలిసింది. వద్దనాలనే ఉంది నాగయ్యకు, ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. పొయ్యి చల్లారిన ఇంట్లోకి ఒంటరిగా అడుగుపెట్టాలంటే అతనికి నిజంగానే భయం. కానీ ఆ ఒక్క మాటకు సౌమ్య ఉద్యోగం పోతుంది. ఆ పిల్ల చదువు కోసమే కదా ఇద్దరూ అన్నేళ్లు దుమ్ము మింగింది. నోరు మూసుకున్నాడు.

ఎల్లవ్వ రోడ్డు దాటి వచ్చి, ఏమన్నానో చెప్పమన్నట్టు చూసింది.

"బీపీ గోలీలు మరువకు అన్నవ్," అన్నాడు.

ఆమె కృపాకర్ ఫోను అతనికి తిరిగిచ్చి, నాగయ్య మొహంలోకి చూసింది.

"అవ్. గదే అన్న." ఈసారి కృపాకర్‌కు కూడా వినపడేటట్టు అంది. ఆ చిన్న ఫోనే ఇమ్మంది.

సాయంత్రం బస్సు కిటికీలోంచి ఆమె పెదవులు మామూలు సంగతులే చెప్పాయి. పప్పు గిన్నెలో ఉందట, పాలు రెండుసార్లు కాచాలట, గడియ సరిగ్గా పెట్టుకోవాలట. అతను అన్నిటికీ తలూపాడు. బస్సు వెనక్కి వచ్చి, మలుపు తిరిగి, గేటు దాటింది.

"పోకు ఎల్లవ్వా."

మనసులోనే అనుకున్నాననుకున్నాడు. తన గొంతు ఎంత లేస్తుందో అతనికి తెలిస్తే కదా! పూల గంప ముందు కూర్చున్నామె ఉలిక్కిపడి చూసింది. పక్క బస్సు కండక్టరు ఎవరో దిగాలేమోనని విజిలు నోట్లో పెట్టుకున్నాడు. హైదరాబాదు బస్సు అప్పటికే రోడ్డెక్కింది.

నాగయ్య ఇల్లు చేరి దీపం వేశాడు. మంచం మీద అతని రెండో బనీను పరిచి ఉంది. ఫోను అంచు బయటికి రాకుండా మధ్యాహ్నం ఎల్లవ్వ దాని జేబు విప్పి, లోతు పెంచి మళ్లీ కుట్టడం మొదలుపెట్టింది. రెండు వైపులే అయ్యేసరికి బస్సు వేళయింది. మూడో వైపు సగంలో గుచ్చి వదిలిన సూదికి జానెడు తెల్లదారం ఇంకా వేలాడుతోంది.