టేపు కింద స్విచ్చు

నేను ఒక మైకును. ధైర్యం గల మైకును మాత్రం కాదు. నా ముందుకొస్తే ఎంత పెద్దవాళ్లకైనా నోట్లో తడి ఆరిపోతుందని లోకమంతా చెప్పుకుంటుంది. మరి నా భయం సంగతి ఎవరైనా అడిగారా?

ఏ ఊళ్లో పుట్టానో తెలియదు. అట్టపెట్టెలోంచి తీసేసరికి తెనాలిలో ఒక షామియానాల కొట్లో ఉన్నాను. కొన్నాళ్లు ఎన్నికల సభలకు అద్దెకు తిరిగాను. నాయకుల తుంపర్లు తుడిస్తే పోయేవి, వాగ్దానాలు వాటంతటవే పోయేవి.

తర్వాత మాణిక్యం నన్ను కొనుక్కున్నాడు. తరతరాలుగా పెళ్లిళ్లకు మేళం వాయించిన ఇల్లు వాళ్లది. కాలం మారిందని అతను మేళాన్ని పాప్ బ్యాండుగా మార్చాడు. తను డ్రమ్ములు, కొడుకు సాంబు కీబోర్డు, కూతురు నీలవేణి పాట. తొలి కచేరీలోనే ఆ చిన్నపిల్ల బొటనవేలు జారి నా స్విచ్చు మీద పడింది. పాట మధ్యలో తెగిపోయింది, జనం ఈలలు వేశారు. మాణిక్యం దాన్ని అపశకునమనుకుని స్విచ్చు మీద నల్ల టేపు చుట్టేశాడు.

"ఇంకెప్పుడూ ఆగకూడదు తల్లీ" అన్నాడు.

ఆ నాటి నుంచి ప్రతి కచేరీకి ముందు పాత టేపు మీదే కొత్త టేపు చుట్టి, దానికి కుంకుమ బొట్టు పెట్టడం ఆ ఇంటి ఆచారమైంది. నా నోరు మూయాలంటే సాంబు పక్కనున్న మిక్సరు అనే సౌండు పెట్టె దగ్గరే మూయాలి. మనుషుల ముచ్చట చూడండి, ఆపే మీటకు బొట్టు పెట్టి మరీ కట్టేశారు!

నీలవేణి పెద్దదైంది. ఆమె క్యాసెట్టు ఆటోల్లో, టీ కొట్లలో మోగింది. జనానికి ఆమె నవ్వు కనబడేది. గుప్పిట్లో ఉన్నదాన్ని కనుక నాకు ఆమె చెమట తెలిసేది. పోను పోను పాట పైకి ఎత్తుకునే చోటల్లా గొంతు చీలసాగింది. "జలుబేలే, కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకో" అనేవాడు తండ్రి. ఆమె ఎవరికీ చెప్పకుండా డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చి, వైరు తగిలించని నన్ను పట్టుకుని గుసగుసగా చెప్పుకుంది.

"గొంతులో కాయలు కాశాయంట. ఇట్టాగే పాడితే పాటే కాదు, మాట కూడా పోద్దంట. నాన్నకెట్టా చెప్పను?"

నాకు గుండె లేదు, లోపల తీగచుట్ట ఉంది. అదే బిగుసుకుపోయింది.

ఏలూరు కచేరీలో ఆ గొంతు నిజంగానే తెగింది. సాంబు కీబోర్డు మోత పెంచి కప్పేశాడు. విరామం చెప్పగానే నీలవేణి నన్ను చేత పట్టుకునే తెర వెనక్కి పరుగెత్తింది. ఏమైందోనని తండ్రీ, అన్నా వెనకే పరుగెత్తారు, ఆ కంగారులో సాంబు మిక్సరు తగ్గించడం మరిచాడు. వద్దమ్మా, నా దగ్గర మాట్లాడొద్దు! కేక వేద్దామంటే నాకు సొంత మాట ఒక్కటీ లేదాయె.

"నాన్నా, ఇంక నావల్ల కాదు. పాడితే మాట పోద్దన్నాడు డాక్టరు. భయమేస్తంది నాన్నా."

మాణిక్యం మొహం పాలిపోయింది. కూతుర్ని దగ్గరికి తీసుకుంటాడనుకున్నాను.

"నాకు మాత్రం భయం లేదా? నువ్వు పాడకపోతే మేమంతా ఏమైపోవాలే?" అని అరిచాడు.

హాల్లో గోల ఎప్పుడో అణిగిపోయింది. ఆ నిశ్శబ్దంలో హాలు స్పీకర్లలోంచి అతని గొంతే తిరిగొచ్చింది, ఏమైపోవాలే అని.

ముగ్గురూ కొయ్యబారిపోయారు. నీలవేణి బొటనవేలు స్విచ్చు కోసం తడిమింది. టేపు! మాణిక్యం గోళ్లతో పీకాడు. పొర కింద పొర. ఆ గరగర కూడా హాలంతా వినబడింది. బయట ఒక్క ఈల లేదు, ఒక్క దగ్గు లేదు. అంతకంటే తిట్టినా బాగుండేదనిపించింది నాకు. సాంబు మిక్సరు వైపు ఉరకబోయాడు.

"ఆగరా" అన్నాడు మాణిక్యం. కూతురి చేతిలోంచి నన్ను తీసుకుని నోటి దగ్గర పెట్టుకున్నాడు. "అమ్మా, అయ్యా... మీరు విన్నదంతా నిజమే. మా పిల్ల ఇయాళ పాడదు. తిట్టాలంటే నన్ను తిట్టండి."

ఆఖరి పొర ఊడదీసి, టక్కున నన్ను ఆపేశాడు.

తర్వాత నెలల తరబడి ఆ వాయిద్యాల ఇంట్లో సైగలే నడిచాయి. నీలవేణికి డాక్టరు మాట వద్దన్నాడని ఇంటిల్లిపాదీ నోళ్లు కట్టేసుకున్నారు. పప్పడిగితే ఉప్పు వచ్చేది, అయినా ఎవరూ విసుక్కోలేదు. నేను అద్దాల బీరువాలో షీల్డుల మధ్య పడి బిక్కుబిక్కుమంటూ ఉన్నాను. మాట తిరిగొచ్చింది, కాస్త బొంగురుగా. పాట సంగతి మాత్రం ఎవరికీ తెలియదు. అడగడానికి ఎవరికీ ధైర్యం లేదు.

ఈ ఉదయం ఆమె బీరువా తెరిచింది. నాకు వైరు తగిలించింది. మాణిక్యం టేపు చుట్ట తేలేదు. డ్రమ్ము కర్రలు చంకలో పెట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"నీకు ఇష్టమైతేనే తల్లీ. కాకపోతే ఆపెయ్" అన్నాడు.

ఆమె బొటనవేలు టేపు జిగురు ఇంకా వదలని చోట ఆగింది. ఆ వేలు చల్లగా ఉంది. నా లోపల తీగచుట్టా అంతే. టక్కుమని తనే నొక్కి నన్ను మేల్కొలిపింది. గుండెల నిండా ఊపిరి తీసుకుంది.