ఆండాలు టాబ్లెట్‌కు లాగ్

దిల్‌సుఖ్‌నగర్‌లో మేనమామ పాండురంగం నడిపే టిఫిన్ సెంటర్‌కు యాప్ రాసిచ్చినప్పటి నుంచి వర్షకు మనశ్శాంతి లేదు. కౌంటర్‌లో మామ ఫోన్‌లో ఆర్డర్ నొక్కితే, లోపల పెనం పక్కనున్న టాబ్లెట్‌లో అత్త ఆండాలుకు కనపడాలి. పొద్దున జనం ముసురుకునే వేళకు టాబ్లెట్ కాస్తా ఆరిపోతుంది. వర్ష ఎల్‌బీ నగర్ నుంచి ఉరుక్కుంటూ వచ్చేసరికి మళ్లీ బుద్ధిగా పనిచేస్తుంటుంది.

"నీ యాప్‌ల ఏదో తేడా ఉంది బిడ్డా," అన్నాడు మామ, ముక్కుసూటిగా.

వర్షకు పౌరుషం వచ్చింది. యాప్ నడుస్తున్నంతసేపూ ఏం జరిగిందో, టాబ్లెట్ ఎంత వేడెక్కిందో, నెట్ ఉందో లేదో ఎప్పటికప్పుడు ఒక ఫైల్లో రాసుకునే 'లాగ్' ఏర్పాటు చేసింది. ఆ ఫైలు సాయంత్రానికి తనకు చేరుతుంది.

"లాగ్ పెట్టిన అత్తమ్మా. ఇగ అన్నీ తెలుస్తయి."

"దానికి లాగు ఎందుకే? కవరు తొడిగినం గద!" అంది ఆండాలు.

మొదటిరోజు ఫైలు తెరవగానే వర్ష ఎగిరి గంతేసింది. తప్పు యాప్‌ది కాదు! పెనం సెగకు వేడి యాభై డిగ్రీలు దాటుతోంది, టాబ్లెట్ తనంతట తానే ఆగిపోతోంది. వెంటనే ఫోన్ చేసింది.

"అత్తమ్మా, దాన్ని జర చల్లగుండే జాగల పెట్టు."

మరుసటిరోజు ఫైలు చూసి నోరు తెరిచింది. వేడి ఆరు డిగ్రీలు. నెట్ మాటిమాటికీ పోతోంది, క్షణంపాటు వచ్చి మళ్లీ పోతోంది. తెల్లారగానే మెట్రో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగింది.

ఆండాలు ఫ్రిజ్ తలుపు తీసింది. దోసె పిండి గిన్నె మీద టాబ్లెట్. "రెండు మసాలా" అని చదివి, ధడేల్మని తలుపు మూసింది.

"అత్తమ్మా, ఏందిది?"

"నువ్వే అంటివి గద, చల్లగుండాలె అని!"

వర్ష నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకుంది. ఆ నవ్వులోనే ఆండాలు గరిటె కింద పెట్టింది.

"ఒక్క మాట అడుగుత చెప్పు. గీ డబ్బా యాభై డిగ్రీలకే పనిచెయ్యనంటె నీకు పరేషానయింది. పెండ్లయినప్పటి సంది నేను గదే సెగల మాడుతున్న. నా వేడి ఎవలన్న రాసిన్రా?"

వర్ష నవ్వు టక్కున ఆగిపోయింది. టాబ్లెట్‌ను తుడిచి కౌంటర్ దగ్గర ఫ్యాన్ కింద పెట్టింది. వెనకే ఆండాలు వచ్చి మామ కుర్చీలో కూర్చుంది.

"ఆర్డర్లు నేను చదువుత. మీరు పోయి దోసెలు పొయ్యుండ్రి."

పాండురంగం లోపలికి నడిచాడు. మొదటి దోసె చిరిగింది, రెండోది మాడింది. మూడోది పెనం మీదుండగానే చొక్కా తడిసి ముద్దయింది. ఆయన చెమట తుడుచుకుంటూ ఫోన్ తీసి ఎలక్ట్రీషియన్ భిక్షపతికి కొట్టాడు.

"అన్నా, గా పొగను, వేడిని బయటికి లాగే పెద్ద ఫ్యాన్ పట్కరా. రేపు కాదు, ఇప్పుడే!"