కంచు ఆవిడ కొండకేసి చూసిన రోజు

పడవలు వెళ్లాక ఆ రేవులో అందరూ చేసే మొదటి పని, కంచు ఆవిడ ఎటు చూస్తోందో చూడడం. కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డ ఆ విగ్రహాన్ని చేసింది ఆ ఊరి శిల్పి హెస్పర్ లిండ్‌క్విస్ట్. ఆమె పోయి చాలాకాలమైంది. లైబ్రరీ ముందున్న పంతులమ్మా, చర్చి పక్కనున్న సిపాయీ కూడా ఆమె చేసినవే. అవి కదలవు. రేవులో ఆవిడ మాత్రం, ఇంకా ఇంటికి చేరని పడవ ఏ దిక్కున ఉంటే ఆ దిక్కుకి తిరుగుతుంది. పడవ దగ్గరికొచ్చిందని ఆవిణ్ణి చూసే తెలుసుకుని, ఆడవాళ్లు పొయ్యి మీద కూర వేడిచేస్తారు.

ఆవేళ మధ్యాహ్నం వెర్నా రేవుకొచ్చేసరికి పొగమంచు కమ్మేసి ఉంది. కూతురు టిల్డా లాబ్‌స్టర్లు పట్టడానికి సముద్రంలో వేసిన బుట్టలు తీయడానికి ఒక్కతే పడవేసుకుని వెళ్లింది. అలా వెళ్లడం అదే మొదలు. రేడియోలో ఎంత పిలిచినా ఉలుకూ పలుకూ లేదు. కోస్ట్‌గార్డు వాళ్లు బయల్దేరారు గానీ, చెయ్యి చాస్తే వేళ్లు కనబడని ఆ మంచులో ఎక్కడని వెతుకుతారు?

కంచు ఆవిడ సముద్రానికి వీపు పెట్టి, ఊరి వెనక కొండకేసి చూస్తోంది.

వెర్నా గట్టిగా కేకేసింది. "ఒపల్, ఇదేంటే? ఎప్పుడన్నా ఇటు తిరిగిందా?"

రేవులో చేపల సూప్ అమ్మే ఒపల్ గరిటె పట్టుకునే వచ్చింది. "లేదే. మా ఆయన పోయిన రోజున కూడా తల దించేసుకుంది గానీ..." అని నాలిక కరుచుకుంది. "ఇక్కడ గోళ్లు కొరుక్కుంటూ నిలబడితే ఏమొస్తుంది? కొండెక్కి ప్లాస్టరావిణ్ణి చూసి రా. పో!"

కంచు ఆవిణ్ణి పోతపోయడానికి ముందు హెస్పర్ చేసిన ప్లాస్టర్ బొమ్మ, కొండమీద ఆమె ఇంట్లోనే, పనిచేసుకున్న హాల్లోనే ఉంది. కంచు ఆవిడ ఎటు తిరిగితే అదీ అటే తిరుగుతుంది. ఇప్పుడా ఇల్లు ఊరూరి నుంచీ జనం వచ్చి చూసే చోటు. వెర్నా రొప్పుతూ లోపలికొచ్చేసరికి, ఇల్లు చూసుకునే ముసలాయన ఆర్లో గ్రిండల్ ఎవరో యాత్రికులకి ఉలులు చూపిస్తున్నాడు.

"చేతులు వెనక్కి కట్టుకోండి. ఏదీ ముట్టుకోకండి."

"ఆర్లో! ఆవిడ ఎటు చూస్తోంది?"

ఆయన మొహం పాలిపోయింది. "ఎవరికోసమో అనుకున్నాను. టిల్డాకోసమా?"

ప్లాస్టరావిడ వీళ్లకి వీపు పెట్టి, హాలు చివర మూసి ఉన్న పెద్ద తలుపుకేసి చూస్తోంది. ఆ తలుపవతల కొండ ఏటవాలుగా దిగి వెనకనున్న సముద్రపు పాయలో కలుస్తుంది. పాయ నిండా రాళ్లే.

వెర్నాకి అప్పుడు తెలిసింది. రేవులో ఆవిడ చూస్తున్నది కొండని కాదు, కొండ అవతలికి.

విగ్రహాలు బయటికి తీసుకెళ్లడానికి పెట్టిన ఆ తలుపు ఏళ్ల తరబడి తియ్యక బిగుసుకుపోయింది. యాత్రికులు భుజాలు పెట్టి తోశారు. తెరుచుకున్నాక ఎదురుగా తెల్లటి మంచు తప్ప ఏమీ లేదు.

"టిల్డా!"

ఆ కేక గుమ్మం కూడా దాటినట్టు లేదు. ఆర్లో గోడనున్న సుత్తి ఊడబెరికి, మట్టిబొమ్మలకి ఆధారంగా నిలబెట్టే ఇనప చట్రాన్ని ఠంగున కొట్టాడు. "చూస్తారేంటయ్యా, తలో సుత్తీ తీసుకోండి!"

మోత మొదలైంది. వెర్నా కొడుతూనే ప్లాస్టరావిడ మెడకేసి చూస్తోంది. ఆ తల వంగితే తన బతుకు అక్కడితో సరి. అది వంగలేదు. మెల్లగా, మొండిగా ఎడమకి తిరుగుతోంది.

"ఎవరిదయ్యా ఆ గోల?" అని కిందినుంచి ఓ గొంతు వినిపించింది.

నిలువెల్లా తడిసి టిల్డా పైకొచ్చింది. వెర్నా దాన్ని ఊపిరాడకుండా కౌగిలించుకుంది.

"ఇంజినూ రేడియో రెండూ పోయాయమ్మా. తెడ్డేసుకుంటూ రేవుకే వస్తున్నాననుకున్నా. మోత వినబడ్డాకే ఇటు తిప్పాను. లేకపోతే రాళ్లమీదకే..." దాని పళ్లు టకటకలాడుతున్నాయి. "బీల్ కూడా అక్కడే ఉన్నాడు. బూతులు తిట్టుకుంటున్నాడు, నాకు వినబడింది."

సుత్తులు ఆగాయి. పోయిన నెల వెర్నావాళ్ల బుట్టల తాళ్లన్నీ కోసేసి, పైగా బార్లో కూర్చుని నవ్విన ర్యాండల్ బీల్ ఆ మనిషి. ఆర్లో వెర్నాకేసి చూసి, చూపు తిప్పేసుకున్నాడు.

ప్లాస్టరావిడ మళ్లీ పాయకేసి తిరిగింది.

వెర్నా కూతురి భుజాల మీద తన కోటు కప్పి, బొత్తాలన్నీ పెట్టింది.

"చచ్చినోడికి ఒక చెవి వినబడదు కూడా," అంటూ ఉన్నవాటిలోకెల్లా పెద్ద సుత్తి అందుకుంది.